బయటికి గీసిన బాణం

మొన్న శనివారం పొద్దున్న మా అమ్మాయి డైనింగ్ టేబుల్ నిండా రంగు పెన్సిళ్ళు పరచుకుని హోమ్‌వర్క్ చేసుకుంటోంది. దాని ముందు ఒక ఉప్పు సరస్సు పటం ఉంది. చుట్టూ మైదానం, అంచున కొండలు, కొండల మీంచి సరస్సులోకి దిగే మూడు నదులు. నీళ్ళు ఎటు నుంచి ఎటు పోతాయో బాణాలు గీసి చూపించాలట. లోపలికి మూడు బాణాలు చకచకా గీసేసి, పెన్సిల్ నోట్లో పెట్టుకుని కూర్చుంది.

“అమ్మా, ఎగ్జిట్ బాణం ఎక్కడ పెట్టాలి?”

“పెట్టక్కర్లేదు. ఆ నీళ్ళు ఎక్కడికీ వెళ్ళవు. ఎండకి ఆవిరైపోతాయి, అంతే.”

“దెన్ ఉప్పు?”

“ఉప్పు అక్కడే ఉండిపోతుంది.”

“ఎవ్రీథింగ్ అక్కడే ఉండిపోతుందా?”

“అన్నీ అక్కడే.”

ఎదురుగా ఇడ్లీ తింటున్న మా నాన్న ప్లేట్ పక్కకి జరిపి లేచాడు. సగం ఇడ్లీ అలాగే ఉంది. గోడ పట్టుకుంటూ తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. అమ్మ పోయాక అమెరికాలోని ఈ చాండ్లర్ ఊళ్ళో మా ఇంట్లోనే ఉంటున్నాడు. పగటి పూట తలుపు వేసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. తాతయ్యకి ఏమైందని మా అమ్మాయి అడిగింది. చట్నీ కారమైందేమోలే అన్నాను. ఏమైందో నాకు బాగా తెలుసు. దాని వయసులో ఉన్నప్పుడు అచ్చం అలాంటి పటం మీదే నేనొక బాణం గీశాను. లేని చోట గీశాను.

అప్పుడు మేం ఉన్నది ఒక పెద్ద ఉప్పు సరస్సు పక్కన. దాన్ని ఊరు అనడం ఎక్కువే. ఒక గ్యాస్ స్టేషన్, ఒక పోస్టాఫీసు, ఒక ఉప్పు ఫ్యాక్టరీ, అందులో పనిచేసేవాళ్ళు అద్దెకుండే రేకు గోడల ఇళ్ళు. కూరగాయలు కొనాలన్నా గంటసేపు కార్‌లో వెళ్ళాలి. చుట్టూ చెట్టన్నది లేని మైదానం. మోకాలెత్తు బూడిద రంగు పొదలు, వాటి మధ్య ఎండిన గడ్డి, అంతే. వాన అరుదు. పడిన రోజున మాత్రం ఆ పొదల్లోంచి వామూ కర్పూరమూ కలిపి నలిపినట్టు ఒక ఘాటు వాసన లేచేది. అమ్మ వంట ఆపి మరీ గుమ్మంలోకి వచ్చి పీల్చుకునేది. ఆ ఊళ్ళో మాకు దొరికిన మంచి వాసన అదొక్కటే.

మిగతా రోజుల్లో సరస్సు వాసన. ఎండలు ముదిరితే కుళ్ళిన గుడ్ల కంపు. అమ్మ కిటికీ సందుల్లో తడి తువ్వాళ్ళు దోపేది. ఒడ్డున ఈగలు నల్లటి చాప పరిచినట్టు వాలి ఉండేవి. నేను పరిగెత్తుకుంటూ వెళ్తే ఆ చాప రెండుగా చీలి దారిచ్చి, నా వెనకాలే మళ్ళీ కలిసిపోయేది. అవి కుట్టవు, మీద వాలవు. స్నేహితులు లేని పిల్లకి అదే ఆట. సరస్సు మధ్యగా రాళ్ళు పోసి రైలుకట్ట వేశారు. కట్టకి ఒక పక్క నీళ్ళు గులాబి రంగులో, ఇంకో పక్క పచ్చగా ఉండేవి. అవతలి కొండల మీద అడ్డంగా చారలు. పూర్వం సరస్సు అంత ఎత్తు దాకా ఉండేదనీ, ఎండుతూ కిందికి దిగినప్పుడు ఆగిన చోటల్లా ఒక గీత వదిలిందనీ మా టీచర్ చెప్పింది.

నాన్న ఆ ఫ్యాక్టరీ ల్యాబ్‌లో కెమిస్ట్. సరస్సు నీళ్ళని మైళ్ళ పొడుగున్న మళ్ళలోకి వదిలి వేసవంతా ఎండబెడతారు. ఆకులు రాలే కాలంలో ఉప్పు కోత మొదలవుతుంది. ఏ మడిలో నీళ్ళు ఎంత చిక్కబడ్డాయో గాజు గొట్టం ముంచి కొలవడం నాన్న పని. నదులు తెచ్చిన ఉప్పు ఎటూ పోయే దారి లేక అక్కడే పోగవుతుంది కాబట్టే ఆ ఫ్యాక్టరీ ఉంది, దాని వల్లే మా వీసా ఉంది. ఈ సంగతి ఆ ఊళ్ళో మా నాన్నకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. దీన్ని కాస్త గుర్తుపెట్టుకోండి.

ఆ ఏడాది వేసవి మొదట్లో మా నాయనమ్మ వచ్చింది. ఆరు నెలలుండి వెళ్ళిపోవాలి. సూట్‌కేసు తెరిస్తే ఇల్లంతా తాటిబెల్లం, చింతపండు, ఎండుమిరపకాయల వాసన. ఆవిడ పుట్టిల్లు గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గర. వాళ్ళ నాన్నకి ఉప్పు మళ్ళు ఉండేవి. గట్ల మీద పరిగెత్తుతూ పెరిగిన మనిషి. కారు దిగి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని సరస్సునీ మళ్ళనీ చూసి, “మీ నాన్న ఏడు సముద్రాలు దాటొచ్చి మళ్ళీ ఉప్పు మడిలోనే పడ్డాడే,” అంది నాతో. నాన్న ముఖం మాడ్చుకున్నాడు. అమ్మ పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది.

వారం తిరక్కుండానే నేను ఒడ్డున పేరిన ఉప్పు పెచ్చులు స్కూల్ బ్యాగ్ నిండా తెచ్చిచ్చాను. పుస్తకాలు పాడైనందుకు అమ్మ చేత తిట్లు తిన్నాను. నాయనమ్మ మాత్రం ఆ ఉప్పు కడిగి, ఎండబెట్టి, దంచి దానితో నిమ్మకాయ ఊరవేసింది. మూడు వారాలయ్యాక జాడీ మూత తీసి ఒక ముక్క నోట్లో వేసుకుని, సింకులో ఉమ్మేసింది.

“చేదురా అబ్బాయ్,” అంది నాన్నతో. “ఉప్పు పేరాక అడుగున చేదు నీళ్ళు మిగుల్తాయి కదా, అవి తియ్యలేదు. మా మళ్ళలో అయితే ఆ నీళ్ళు కాలవలోకి వదిలేసేవోళ్ళు, సముద్రంలోకి పోయేవి. ఇక్కడ కాలవ ఏదిరా?”

నాన్న నవ్వాడు. జాడీ తీసుకెళ్ళి పెరట్లో పారబోశాం. నాయనమ్మ చేతి ఊరగాయ పారబోయడం మా ఇంట్లో అదే మొదటిసారి అని అమ్మ అంది.

ఇక నా సంగతి. నాకు ఆ వేసవిలో ఒకటే పిచ్చి, సరస్సులో తేలాలని. ఆ నీళ్ళలో ఈత రానివాళ్ళు కూడా మునగరు, వెల్లకిలా పడుకుంటే తేలుతారని స్కూల్లో పిల్లలు చెప్పేవాళ్ళు. పెద్దవాళ్ళు తోడు లేకుండా నీళ్ళలోకి దిగితే కాళ్ళు విరగ్గొడతానని అమ్మ అంది. అమ్మ ఆ కంపుకి ఒడ్డు దాటి వచ్చేది కాదు. నాన్నకి డ్యూటీ. మిగిలింది నాయనమ్మ. ఆవిడేమో ఒడ్డు దాకా వచ్చి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నిలబడి, “ఇది పారే నీరు కాదే. నిలవ నీళ్ళలో నేను దిగను,” అనేది. ఎన్నిసార్లు బతిమాలినా ఆ మాటే.

స్కూల్లో మాకు మా సరస్సు పటమే అచ్చు వేసి ఇచ్చారు. మూడు నదులు, మూడు నల్ల బాణాలు, అన్నీ లోపలికే. బడి నుంచి వచ్చి నీలం క్రేయాన్ తీసుకుని పడమటి కొండల మీదుగా కాగితం చివరి దాకా నాలుగో బాణం గీశాను. దాన్ని తీసుకెళ్ళి నాయనమ్మ ముందు పరిచాను.

“ఇదిగో చూడు. నీళ్ళు ఇటు నుంచి వచ్చి, ఇటు బయటికెళ్ళి సముద్రంలో కలుస్తాయి. మా టీచర్ చెప్పింది.”

“అక్కడ కొండలున్నాయి కదే?”

“కొండల కింద నుంచి వెళ్తాయి.”

ఆవిడ పటం చూసింది. నా ముఖం చూసింది. నీలం అంటుకున్న నా వేళ్ళు చూసింది.

“అలాగా,” అంది. “అయితే రేపు దిగుదాంలే.”

మర్నాడు దిగాం. ఆ సరస్సు ఎంత లోతు తక్కువంటే, మోకాళ్ళు తడవడానికే చాలా దూరం నడవాలి. నడుము లోతు వచ్చేసరికి ఒడ్డున అమ్మ వేలెడంత కనిపించింది. నాయనమ్మ కూర్చుందామని చూస్తే నీళ్ళు కూర్చోనివ్వలేదు, పైకి తోసేశాయి. చీర బుడగలా ఉబ్బింది. “మునగనివ్వట్లేదేంటే ఇవి,” అంటూ ఒకటే నవ్వు. ఆవిడ అంతగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. ఇద్దరం చేతులు పట్టుకుని వెల్లకిలా తేలుతూ ఆకాశం చూశాం. ఇంటికొచ్చేసరికి చీర ఆరి అట్టముక్కలా బిగుసుకుపోయి నిటారుగా నిలబడింది. ఆ వేసవంతా వారానికి రెండుసార్లు వెళ్ళాం. నా పటాన్ని ఆవిడే ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించింది. వంటింట్లోకి వచ్చినప్పుడల్లా నాకు ఆ నీలం బాణం కనబడేది. మొదట్లో గర్వంగా ఉండేది. తర్వాత కొంచెం భయంగా ఉండేది. తీసేద్దామంటే, ఎందుకు తీశావని అడుగుతారని తియ్యలేదు.

తిరుగు ప్రయాణానికి రెండు వారాలుందనగా నాయనమ్మకి ఆయాసం మొదలైంది. గంట దూరంలో ఉన్న పట్నం ఆస్పత్రిలో చేర్చారు. గుండె అన్నారు. మూడో రోజు నన్ను దగ్గరికి పిలిచి తల నిమిరి, “నువ్వు కాసేపు బయటుండమ్మా, మీ నాన్నతో మాట్లాడాలి,” అంది. తలుపుకున్న అద్దంలోంచి చూశాను. ఆవిడ ఏదో చెబుతోంది, నాన్న వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు. చివరికి ఊపడం ఆపేశాడు. మర్నాడు ఆవిడ పోయింది.

అస్థికలు నల్లటి ప్లాస్టిక్ డబ్బాలో ఇచ్చారు. తాతయ్యని కలిపిన చోటే, గోదావరి సముద్రంలో కలిసే చోటే తననీ కలపాలని నాయనమ్మ వచ్చిన కొత్తలో అమ్మతో చాలాసార్లు అంది. కానీ మా గ్రీన్ కార్డ్ పేపర్లు పెండింగ్‌లో ఉన్నాయి. ఇప్పుడు దేశం దాటితే అప్లికేషన్ వదులుకున్నట్టే అన్నాడు లాయర్. మాకు తెలిసిన అంకుల్ ఒకాయన ఆ నెలలో ఇండియా వెళ్తున్నాడు, ఆయన చేత పంపుదామని అమ్మ అంది. మా అమ్మని పరాయివాళ్ళ లగేజీలో పెట్టనన్నాడు నాన్న. పోనీ సముద్రం దాకా వెళ్దామంది అమ్మ.

“పన్నెండు గంటలే కదండీ. డ్రైవ్ చేసుకుంటూ వెళ్దాం. ఒక్క మూడు రోజులు లీవ్ అడగండి.”

“కోత స్టార్ట్ అయింది. బాస్ రెండు రోజులే లీవిచ్చాడు. మూడోది అడగలేను.”

“అడిగితే ఏమవుతుంది?”

“నా వీసా వాడి చేతిలో ఉంది. నీకేం తెలుసు?”

మర్నాడు పొద్దున్నే నాన్న ఇండియాలో మా ఊరి పంతులుగారికి ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాడు. నేను ఫ్రిజ్ పక్కన నిలబడి పాలు తాగుతున్నాను.

“సముద్రం దాకా వెళ్ళలేకపోతే పారే నీరైనా ఉండాలి నాయనా,” అన్నారాయన. “మీ దగ్గరున్న నీళ్ళు పారతాయా? చివరికి సముద్రంలో కలుస్తాయా?”

నాన్న తలెత్తాడు. ఆయన చూపు ఫ్రిజ్ మీద పటం దగ్గర ఆగింది. నా బాణం దగ్గర. తర్వాత నా వైపు చూశాడు. నేను గ్లాసు దించి నోరు తెరిచాను. చెప్పేద్దామనే అనుకున్నాను. ఇప్పటికీ ప్రమాణం చేసి చెప్పగలను.

“కలుస్తాయండీ,” అన్నాడు నాన్న. ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి నాతో, “నువ్వు లోపలికెళ్ళు,” అన్నాడు.

నేను లోపలికెళ్ళాను. నా అబద్ధం నాన్న నమ్మేశాడనుకున్నాను. పదేళ్ళ పిల్లని, ఇంకేం అనుకుంటాను? నాన్నకి తెలియదనీ, నిజం చెప్పగలిగింది నేనొక్కదాన్నేననీ, చెప్పలేదనీ అనుకుంటూ ఆ రోజంతా మంచం మీద ముడుచుకుని పడుకున్నాను.

సాయంత్రం ముగ్గురం సరస్సుకి వెళ్ళాం. నాన్న ప్యాంటు మడిచి, డబ్బా ఛాతీకి ఆనించి పట్టుకుని నడిచాడు. నేనూ వెనకే నడిచాను. ఈగలు రెండుగా చీలి మాకు దారిచ్చాయి. మోకాలు లోతు దాకా వెళ్ళాక ఆయన మంత్రం ఏదో సగం సగం చెప్పి డబ్బా వంచాడు. బరువున్నవి మునిగాయి. బూడిద పైనే తేలింది. తేలి అక్కడే నిలబడింది. నాన్న అరచేత్తో నీళ్ళని ముందుకి తోశాడు. కాస్త జరిగి ఆగింది. మళ్ళీ తోశాడు. ఇంతలో గాలి తిరిగి ఆ బూడిదంతా మా కాళ్ళ దగ్గరికే వచ్చింది. నా పిక్కలకి అంటుకుంది. నాన్న తోస్తూనే ఉన్నాడు. ఒడ్డున అమ్మ, ఇంక చాలు రండి అని పిలిచేదాకా తోస్తూనే ఉన్నాడు. ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కున్నాను. కడిగిన నీళ్ళు ఏ గొట్టంలోంచి ఎటు పోతాయోనని చాలాసేపు ఆలోచించాను.

ఆ చలికాలంలోనే స్కూల్లో అదే పాఠం మళ్ళీ వచ్చింది. బయటికి దారిలేని సరస్సుల గురించి టీచర్ చెబుతుంటే లేచి బాత్రూమ్‌కి వెళ్ళి వాంతి చేసుకున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కాలేజీలో చేరాక ఒకరోజు బస్‌లో వెళ్తూ ఉండగా, ఏ కారణమూ లేకుండా, తట్టింది. మా నాన్న ఆ నీళ్ళు కొలిచే కెమిస్ట్. గాజు గొట్టం ముంచి ఆ నీళ్ళ ఉప్పు లెక్క చెప్పేవాడు. ఆయనకి తెలియకపోవడం ఏమిటి? నేను దిగాల్సిన చోటు దాటి మూడు స్టాపులు పోయాయి. అప్పటిదాకా నా మీద నాకున్న కోపమంతా ఆయన మీదికి మళ్ళింది. బాస్‌ని ఒక్క రోజు సెలవు అడిగే ధైర్యం లేక, కూతురు క్రేయాన్‌తో గీసిన గీతని అడ్డం పెట్టుకున్నాడు. తల్లిని దారిలేని నీళ్ళలో వదిలి, ఆ తప్పు పదేళ్ళ పిల్ల నెత్తిన పెట్టాడు. ఆ తర్వాత ఆయనతో నేను బాగానే మాట్లాడాను. పెళ్ళి చేసుకున్నాను, ఇంటికి పిలిచాను, మందులు కొన్నాను. ఈ మాట మాత్రం అడగలేదు. అమ్మ పోయినప్పుడు ఆవిడ అస్థికలు తీసుకుని ఆయన గోదావరికి వెళ్ళాడు. అప్పటికి అమెరికా పాస్‌పోర్ట్ చేతిలో ఉంది. విమానం ఎక్కించి వెనక్కొస్తూ కారులో ఏడ్చాను. అమ్మ కోసం కొంత, మిగతాది నాయనమ్మ కోసం.

రెండేళ్ళ క్రితం ఆ దారిన కారులో వెళ్ళాం. సరస్సు కనబడలేదు. నదుల్లో నీళ్ళని పైనే పొలాలకీ ఊళ్ళకీ మళ్ళించుకున్నారు. మేం తేలిన చోట తెల్లటి నేల పెచ్చులు పెచ్చులుగా పగిలి ఉంది. ఈగలు లేవు. గాలి లేచినప్పుడు ఆ నేల మీంచి తెల్లటి దుమ్ము లేచి రోడ్డు మీదికి వచ్చింది. మా ఆయన కారు అద్దాలు ఎక్కించాడు. నేను నా వైపు అద్దం దించేశాను. పిల్లకి దగ్గొస్తోంది, ఏం చేస్తున్నావు నువ్వు, అని ఆయన కసిరాడు. మళ్ళీ ఎక్కించేశాను.

శనివారం అంతా నాన్న గదిలోంచి రాలేదు. మధ్యాహ్నం కాఫీ పట్టుకుని వెళ్ళాను. మంచం మీద కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. కాఫీ పెట్టి వచ్చేద్దామనుకున్నాను. గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగాను.

“నీకు అప్పుడే తెలుసు కదా నాన్నా?”

దేని గురించని ఆయన అడగలేదు. “తెలుసు,” అన్నాడు.

“మరి పంతులుగారికి అలా ఎందుకు చెప్పావు?”

“మా అమ్మ చెప్పమంది.”

నా వైపు తిరక్కుండానే చెప్పాడు. ఆస్పత్రిలో ఆ రోజు ఆవిడ అన్న మాటలు. “నా కోసం ఉద్యోగం పాడు చేసుకోకురా. ఆ సరస్సులోనే కలిపెయ్యి. మన ఊళ్ళో ఎవరైనా అడిగితే ఆ నీళ్ళు సముద్రంలోకి పోతాయని చెప్పు. పిల్ల గీసిన బాణం ఉందిగా,” అందట.

“ఆవిడకి తెలుసా?”

“ఊరగాయ నోట్లో పెట్టుకున్నప్పుడే తెలుసు. ఉప్పు మళ్ళలో పుట్టింది, ఆవిడకి నేను చెప్పాలా? నీ చేతికి నీలం రంగు అంటుకుందని కూడా చెప్పింది. నవ్వింది. అంత ఆయాసంలో.”

 అంటే నిలవ నీళ్ళని తెలిసే నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని దిగింది. తెలిసే ఆ పటాన్ని ఫ్రిజ్ మీద అంటించింది. నేను అబద్ధం చెప్పానని తెలిసి కూడా తల నిమిరింది.

“నాకెందుకు చెప్పలేదు? ఇన్నేళ్ళు? అంతా నా వల్లే అయిందనుకున్నాను నాన్నా.”

“చిన్నపిల్లవి. మర్చిపోతావనుకున్నాను.”

ఈ జవాబుకి నేను ఆయన్ని క్షమించలేదు. ఇప్పటికీ క్షమించలేదు. ఆవిడ వెళ్ళిపోతూ మా ఇద్దరికీ కలిపి ఒక మన్నింపు ఇచ్చి వెళ్ళింది. నా వాటా కూడా ఆయనే దాచుకున్నాడు. దాన్ని దాచుకుని ఆయన సుఖపడిందీ లేదు. గోడ పట్టుకుని నడిచే ఈ ముసలి మనిషి ఇన్నేళ్ళూ ఆ బూడిదని చేత్తో తోస్తూనే ఉన్నాడని నాకు కనబడుతూనే ఉంది. అయినా కోపం తగ్గలేదు.

హాల్లో మా అమ్మాయి హోమ్‌వర్క్ అయిపోయిందని అరిచింది. కాఫీ మీద మీగడ కట్టింది.

“నేను పోయాక నన్ను గోదావరికి తీసుకెళ్ళకు,” అన్నాడు నాన్న, కిటికీ వైపే చూస్తూ. “ఆ సరస్సులోనే కలుపు. మా అమ్మ దగ్గర.”

ఆ నీళ్ళ గురించి నేను ఇంకోసారి అబద్ధం చెప్పదలచుకోలేదు.

“అక్కడ ఇప్పుడు నీళ్ళు లేవు నాన్నా.”

“తెలుసు,” అన్నాడు.